కొండగాలి దిగిన ఆదివారం

ఆ అమ్మాయి నాతో మాట్లాడిన మొదటి మాటే తగాదా.

పెనుకొండ దగ్గరి జలాశయం ఒడ్డున, రేకుల షెడ్డు ముందు, కొత్తగా చేరిన నలుగురిని వరుసగా నిలబెట్టి తాడుకు ముడి వేయడం చూపిస్తున్నాను. స్కూటీ ఆపి, హెల్మెట్ తీయకుండానే దగ్గరికొచ్చి నా చేతిలోని తాడు చూసింది.

"ఆ ముడి తడిస్తే బిగుసుకుంటాది అంకుల్. మళ్ళీ ఊడదీయాలంటే కత్తి కావాల. ఇప్పుడెవ్వరూ వేయరు."

నలుగురూ నా ముఖం చూశారు. "నువ్వెవరు పాపా?" అన్నాను.

"పాపా అనొద్దండి. నేను కొత్త ఇన్‌స్ట్రక్టర్‌ని."

ఆమెకు ఇరవై ఆరేళ్ళుంటాయి. నాకు యాభై ఏడు. ఆ క్షణం నుంచి ఆమె వెళ్ళిపోయే దాకా మేమిద్దరం ఒకరినొకరు సహించలేదు. ఇందులో తప్పు ఎక్కువ నాదే. అయినా నాకు ఆమె మీద ఇష్టం ఇప్పటికీ కలగలేదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను.

మా సంఘం పెట్టింది హిందూపురంలో పళ్ళ డాక్టరు ఒకాయన. కాలువ నీళ్ళు వచ్చి జలాశయం ఏడాదంతా నిండుగా ఉండటం మొదలయ్యాక, ఆయనకు తెరచాప పడవల మీద మనసైంది. అంగళ్ళవాళ్ళు కొందరిని, ఫ్యాక్టరీ ఇంజనీర్లు కొందరిని పోగుచేసి, హైదరాబాదు నుంచి నాలుగు పాత పడవలు లారీలో తెప్పించాడు. ఒక్కొక్కటి ఇద్దరు పట్టేంత చిన్నవి. ఆదివారం పొద్దున నేర్చుకోవాలనుకున్న వాళ్ళెవరైనా రావచ్చు. స్కూలు పిల్లలు వచ్చేవాళ్ళు, బ్యాంకువాళ్ళు వచ్చేవాళ్ళు, ధర్మవరం నుంచి ఒక ప్రభుత్వ పాఠశాల టీచరమ్మ బస్సులో వచ్చేది.

నేర్పేవాళ్ళం ముగ్గురం. నేనూ, ఆ అమ్మాయీ, పడవాయనా.

పడవాయన అసలు రైతు. జలాశయం కట్టినప్పుడు ఆయన చేను మునిగిపోయింది. చేను పోయిన తర్వాత, చేపలు పట్టడానికి ఎక్కడి నుంచో వచ్చినవాళ్ళ దగ్గర పుట్టి తిప్పడం నేర్చుకుని, తన చేను మీదే వలలు వేసుకునేవాడు. పుట్టి అంటే వెదురుతో అల్లి తారు పూసిన గుండ్రటి పడవ. డాక్టరు ఆయనకు మా మోటారు పడవ అప్పగించాడు. ఎవరైనా నీళ్ళలో పడితే వెళ్ళి తీసుకురావడం ఆయన పని. మా ముగ్గురిలో ఆ నీళ్ళు తెలిసినవాడు ఆయనొక్కడే. కానీ కాగితం మీద ఆయన సహాయకుడు.

నేను ధర్మవరంలో పుట్టాను. నాయన పట్టుచీరలు నేసేవాడు. గుంత మగ్గంలో కాళ్ళు దించి కూర్చుంటే నాకు ఊపిరి ఆడేది కాదు. పద్దెనిమిదేళ్ళకు అనంతపురంలో మిలిటరీ ఎంపికలు జరిగితే వెళ్ళి వరుసలో నిలబడ్డాను. నౌకాదళంలోకి తీసుకున్నారు. పదిహేనేళ్ళు ఓడల్లో పనిచేశాను. ఆ తర్వాత హిందూపురంలో బ్యాంకు గార్డుగా తుపాకీ పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాను.

ఓడలో నేను వంటవాణ్ణి.

ఈ మాట ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ధర్మవరంలో మా వీధిలో "మావోడు ఓడ తిప్పుతాండాడు" అని నాయన చెప్పుకునేవాడు. నేను కాదనలేదు. నిజానికి తుఫానులో ఓడ ఊగుతుంటే, గిన్నెలు జారిపోకుండా ఇనుప కమ్మీలు బిగించి, ఒక పక్క వాంతి చేసుకుంటూ రెండు వందల మందికి చపాతీలు కాల్చడం ఓడ తిప్పడం కంటే తేలికేమీ కాదు. కానీ వంట అనగానే వినేవాళ్ళ ముఖం మారిపోతుంది. ఆ మార్పు నేను ఇంట్లోనే చూశాను.

తెరచాప మాత్రం నిజంగానే నేర్చుకున్నాను. కొచ్చిలో మా ఓడ ఏళ్ళ తరబడి మరమ్మతులో ఉండిపోయింది. ఒక అధికారి చిన్న పడవల పందేల్లో పాల్గొనేవాడు. గాలి కొట్టినప్పుడు పడవ అంచు మీద నుంచి బయటికి వాలి, అది ఒరిగిపోకుండా తన బరువుతో ఆపేందుకు ఆయనకు మనిషి కావాలి. నేను సన్నగా, చురుగ్గా ఉండేవాణ్ణి. మూడేళ్ళు ప్రతి ఆదివారం ఆయనతో వెళ్ళాను. చివరికి చుక్కాని నా చేతికే ఇచ్చి ఆయన ముందు కూర్చునేవాడు. నాకొచ్చిన విద్య అంతే. అది తక్కువదేం కాదు.

ఆ అమ్మాయిది హిందూపురం. వాళ్ళకు చింతపండు మండీ ఉంది. హైదరాబాదులో చదువుకుంటూ అక్కడి చెరువులో తెరచాప నేర్చుకుని, పోటీలకు వెళ్ళి, నేర్పడానికి సర్టిఫికెట్ కూడా తెచ్చుకుంది. ఇసుకలో పుల్లతో గాలి దిక్కు గీసి, పడవ గీసి, ఇట్ల పోతే ఏమైతాది, అట్ల పోతే ఏమైతాది అని అరగంట మాట్లాడించేది. నేను అలా కాదు. మొదటి రోజే పడవ ఎక్కించి, కావాలనే బోల్తా కొట్టించి, మళ్ళీ లేపమనేవాణ్ణి. భయం పోవాలంటే అదొక్కటే దారని నా నమ్మకం. నా దగ్గర అరుపులు ఎక్కువ. నెల తిరిగేసరికి కొత్తవాళ్ళు ఆమె వైపు నిలబడటం మొదలుపెట్టారు. టీచరమ్మ ఒక్కతే నా దగ్గర ఉండిపోయింది. "మీ తిట్లకు అలవాటు పడినా సార్, మా హెడ్మాస్టరు ఇంతకంటే ఎక్కువ తిడతాడు" అనేది.

నేను ఊరుకోలేదు. పిల్లల్ని దింపడానికి వచ్చిన తల్లిదండ్రులతో ఆమె గురించి మాట్లాడేవాణ్ణి. "పోటీల్లో పనికిరాక ఈడికొచ్చింది. జట్టులోంచి తీసేసినారంట" అన్నాను. జట్టులో చోటు రాలేదన్న సంగతి ఆమే ఒకసారి పిల్లలకు చెప్పుకుంది. దానికి నేను కాస్త ఉప్పూ కారం చేర్చాను. ఆ మాట ఆమె దాకా వెళ్ళింది.

ఆ రోజుల్లోనే డాక్టరుకు ఒక ఆలోచన వచ్చింది. నేర్పేవాళ్ళ నేపథ్యం, అనుభవం రాయించి, ఫొటోలతో షెడ్డు గోడకు పెడితే తల్లిదండ్రులకు నమ్మకం కలుగుతుందని. ఆ అమ్మాయి పది వరుసలు రాసింది. నేను "నౌకాదళంలో పదిహేనేళ్ళు ఓడలు నడిపిన అనుభవం" అని రాశాను.

పడవాయనకు మాత్రం ఫొటో తీయలేదు. "నాది రాయరా సార్?" అని డాక్టరును అడిగాడు.

"మీకు సర్టిఫికెట్ ఏమీ లేదు కదయ్యా" అన్నాడు డాక్టరు, మర్యాదగానే.

"ఉండాది. ముప్పై ఏండ్లు ఈడ సేద్యం చేసినా. పాసుబుక్కు ఉండాది ఇంట్లో. తేవల్నా?"

డాక్టరు నవ్వాడు. పడవాయన నవ్వలేదు. ఆ తర్వాత ఆయన మా షెడ్డులో కూర్చోవడం మానేశాడు. టీ కూడా ఒడ్డునే నిలబడి తాగేవాడు.

నా సంగతి బయటపెట్టింది మా బామ్మర్ది. పాపం, వాడు ప్రేమతోనే వచ్చాడు. ఒక ఆదివారం పెళ్ళాం పిల్లలతో ధర్మవరం నుంచి మా పడవలు చూడటానికి వచ్చి, గోడ మీద నా ఫొటో చూసి మురిసిపోయాడు. చుట్టూ పదిమంది ఉన్నారు. "మా బావంటే ఏమనుకున్న్యారు! అడ్మిరల్ వచ్చినా మా బావ చేసిన సాంబారే కావాలనేవాడంట. పదైదేండ్లు ఓడంతా మా బావ చేతి కూడే తినింది" అన్నాడు గొంతెత్తి.

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ అమ్మాయి గోడ మీది కాగితం వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. ఆ రోజు ఒక్క మాటా అనలేదు.

వారం తర్వాత అంది. నేను పిల్లలతో తెరచాప ఎంత బిగించాలో చెబుతుంటే, ఆమె తన గుంపు వైపు తిరిగి, "అందరూ ఇనండి, వంటాయన చెప్తాండాడు. ఉప్పు సరిపోయిందో లేదో చూస్కోండి" అంది. పిల్లలు పగలబడి నవ్వారు. నా చెవులు కాలిపోయాయి. ఆమె మీద నాకు కలిగిన కోపం, ఓడలో నా మీద వేడినూనె పడేసినవాడి మీద కూడా కలగలేదు.

ఇప్పుడు ఆ ఆదివారం గురించి చెప్పాలి.

ఆషాఢం. మా వైపు ఆ నెలలో గాలి ఎప్పుడూ ఉంటుంది. పొద్దున ఎనిమిదికి నీళ్ళ మీద చిన్న అలలే ఉన్నాయి. మూడు పడవలు దించాలని నిర్ణయం. ఆ అమ్మాయి ఒక దాంట్లో ఒంటరిగా ముందు వెళ్తుంది. ఇద్దరు పిల్లలు ఒక దాంట్లో, టీచరమ్మ మొదటిసారి ఒంటరిగా ఇంకో దాంట్లో వెనక వస్తారు. నేను ఒడ్డున ఉండాలి. పడవాయన మోటారు పడవతో నీళ్ళలో ఉండాలి.

బయల్దేరే ముందు పడవాయన వచ్చాడు. నేనూ ఆ అమ్మాయీ పది అడుగుల దూరంలో, ఒకరికొకరు వీపు పెట్టి నిలబడి ఉన్నాం.

"మేడమ్, ఈ పొద్దు వద్దు. కొండగాలి దిగుతాది" అన్నాడు ఆమెతో.

ఆమె ఫోన్ చూపించింది. "ఇందులో మామూలుగానే ఉండాది కదా. మధ్యాహ్నం దాకా ఏం లేదు."

"ఫోన్లో ఏముండాదో నాకు తెలీదు. మా కళ్ళం ఈడ్నే ఉండె, ఇప్పుడు నువ్వు పడవ తిప్పే కాడ. శెనక్కాయ బుడ్డలు తూర్పారబట్టేదానికి గాలి కోసమే కదా పొద్దంతా చూసేది. కొండ మీద మబ్బు అట్ల తెగి కనపడితే, గాలి మెల్లగా రాదు. ఒకేసారి మీద పడతాది. చాటలు ఎగిరిపోయేటివి."

"ఒక్క రౌండు వేసి వచ్చేస్తాం."

ఆయన నా వైపు తిరిగాడు. "ఏమప్పా, నువ్వన్నా చెప్పు."

నేను కొండ వైపు చూశాను. ఆయన చెప్పినట్టే మబ్బు తెగి ఉంది. ఎదుటి ఒడ్డు దగ్గర నీళ్ళు ఒక చోట నల్లబడి, మళ్ళీ మామూలయ్యాయి. అదేమిటో నాకు తెలుసు. కొచ్చిలో మూడేళ్ళు నేర్చుకున్నది ముఖ్యంగా అదే, నీళ్ళ మీద ఆ నలుపు చూడటం. ఒక్క మాట అంటే చాలు. ఆమె నా మాట వినకపోవచ్చు, కానీ టీచరమ్మ వినేది.

వంటాయన మాట ఎందుకులే అనుకున్నాను. ఒకసారి బోల్తా పడితే పొగరు దిగుతుంది, అందరూ చూస్తారు అనుకున్నాను. ఇదే నా మనసులో ఉన్నది. వేరే ఏమీ లేదు. తాడు చుట్టుకుంటూ షెడ్డులోకి వెళ్ళిపోయాను.

ఇరవై నిమిషాలు పట్టలేదు. షెడ్డు రేకులు ఒక్కసారిగా టపటపమన్నాయి. బయటికి వచ్చేసరికి నీళ్ళన్నీ నల్లగా ఉన్నాయి. పిల్లల పడవ అప్పటికే పక్కకు పడిపోయింది. ఇద్దరూ దాన్ని పట్టుకుని వేలాడుతున్నారు. పడవాయన మోటారుతో వాళ్ళ వైపు వెళ్తున్నాడు. టీచరమ్మ ఇంకా దూరంలో ఉంది. ఆమె పడవ గాలికి అడ్డం తిరిగింది. తెరచాప కింది అంచును పట్టి ఉంచే అడ్డకొయ్య ఈ వైపు నుంచి ఆ వైపుకు విసురుగా కొట్టుకుంది. అలాంటప్పుడు తల దించాలి. నేనే నేర్పాను. ఆమె దించినట్టే కనబడింది, కానీ ఆలస్యమైంది. మనిషి కనబడకుండా పోయింది. నారింజ రంగు లైఫ్ జాకెట్ ఒక్కటే నీళ్ళ మీద ఊగుతోంది.

నాలుగో పడవకు తెరచాప ఎక్కించి లేదు. ఒడ్డున పడవాయన పుట్టి ఉంది. దాన్ని తోసుకుని ఎక్కాను. తెడ్డు వేశాను. పుట్టి గుండ్రంగా తిరిగింది. ఇంకో వైపు వేశాను. ఇటు తిరిగింది. పదిహేనేళ్ళు సముద్రంలో ఉన్నవాణ్ణి, ఒడ్డుకు ఇరవై గజాల దూరంలో బొంగరంలా తిరుగుతూ ఉండిపోయాను. ఒడ్డున తల్లిదండ్రులు అరుస్తున్నారు. ఎవరిని చూసి అరుస్తున్నారో తెలియలేదు.

టీచరమ్మను తెచ్చింది ఆ అమ్మాయే. అంత గాలిలో తన పడవను వెనక్కి తిప్పి, తెరచాప సగం వదిలేసి, టీచరమ్మ పక్కకు తెచ్చి ఆపింది. ఆమె జాకెట్ పట్టుకుని, పిల్లల్ని ఎక్కించుకుని పడవాయన వచ్చేదాకా వదల్లేదు. అలా ఆపడం నాకు చేతనవుతుందో లేదో చెప్పలేను. టీచరమ్మకు జబ్బ ఎముక విరిగింది. చెవి వెనక కుట్లు పడ్డాయి. ప్రాణానికి ప్రమాదం లేదన్నారు. ఆమె మళ్ళీ నీళ్ళ దగ్గరికి రాలేదు.

మూడో రోజు సాయంత్రం హిందూపురంలో డాక్టరు క్లినిక్‌లో మీటింగ్ పెట్టారు. రోగులు కూర్చునే కుర్చీల్లో కూర్చున్నాం. టీచరమ్మ ఇంటివాళ్ళు కేసు పెడతామంటున్నారని డాక్టరు కంగారుగా ఉన్నాడు. ఆ పూట ఎవరు ఏం చేశారో ఒక్కొక్కరినీ అడిగాడు.

"నేను వద్దని చెప్పినా" అన్నాడు పడవాయన. "ఈ మేడమ్‌కు చెప్పినా. ఈయప్పకూ చెప్పినా."

ఆ అమ్మాయి తల ఎత్తి, "చెప్పినాడు. నేనే వినలా. తప్పు నాది" అంది.

డాక్టరు నా వైపు చూశాడు. "మీకూ చెప్పినాడా?"

గోడ మీద పళ్ళు తోముకునే పద్ధతి బొమ్మలున్నాయి. వాటినే చూస్తూ, "నాకు వినపళ్ళేదు సార్. షెడ్డులో ఉన్న్యా" అన్నాను.

పడవాయన కుర్చీలోంచి లేచాడు. కొట్టడానికి వస్తాడనుకున్నాను. వస్తే బాగుండేది. నా ముందు నిలబడి, "మొగోనివేనా నువ్వు?" అన్నాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. చెప్పులు వేసుకునే చప్పుడు కూడా వినబడింది.

ఆ సీజనుకు ఆ అమ్మాయిని పక్కన పెట్టారు. ఆమె సీజనుతో ఆగకుండా మొత్తం మానేసింది. మోటారు పడవను లైసెన్సు ఉన్నవాళ్ళకే ఇవ్వాలని తీర్మానం రాశారు; పడవాయనకు అది లేదు. నన్ను ప్రధాన శిక్షకుణ్ణి చేశారు.

ఆ అబద్ధాన్ని పదిహేను రోజులు మోశాను. అన్నం సహించేది కాదని చెప్పను, బాగానే తిన్నాను. నిద్ర కూడా పట్టింది. కానీ ఎవరైనా "సార్" అని పిలిస్తే ఉలిక్కిపడటం మొదలైంది. ఒక పొద్దున క్లినిక్‌కు వెళ్ళి, రోగుల మధ్య కూర్చుని, నా వంతు వచ్చాక డాక్టరుకు జరిగింది చెప్పాను. ఆయన చేతికి తొడుగులు వేసుకుంటూ విన్నాడు.

"వాళ్ళు ఇప్పుడే కొంచెం చల్లబడినారు. కేసు మాట మానుకున్న్యారు. మళ్ళీ ఎందుకు లేపుతారు? పోనీయండి" అని, బయటికి చూసి తర్వాతి వాళ్ళను పిలిచాడు.

ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. "నాకెందుకు చెప్తాండారు అంకుల్? ఆ పొద్దే తెలుసు నాకు. నేను తిరిగి చూసినప్పుడు మీరు కొండనే చూస్తాండిరి" అని పెట్టేసింది. నేను చూశానని ఆమెకు తెలుసు. తెలిసీ మీటింగులో నా పేరు ఎత్తలేదు. ఎందుకో అడిగే అవకాశం ఇవ్వలేదు. ఇప్పుడామె కదిరిలో ఏదో స్కూల్లో ఆటల టీచరుగా ఉందని విన్నాను.

పడవాయన ఇంటికి కూడా వెళ్ళాను. మునిగిన ఊరివాళ్ళకు కట్టించిన కాలనీ అది. ఇంటి ముందు పుట్టిని బోర్లించి తారు పూస్తున్నాడు. నన్ను చూసినా చేయి ఆపలేదు. ఆయన భార్య, నేనెవరో తెలియక, చెంబుతో మజ్జిగ తెచ్చింది.

"నేను డాక్టరుకు చెప్పినానప్పా, ఉన్నదున్నట్టు" అన్నాను.

"ఏమన్న్యాడు?"

"పోనీయమన్నాడు."

ఆయన తారు కుంచె డబ్బా మీద పెట్టాడు. "నా చేను పోయినప్పుడూ అదే అన్న్యారు. అప్పుడు సంతకం పెట్టమన్న్యోళ్ళు ఎవరో నాకు తెలీదు. నువ్వు తెలుసు. నీతో కలిసి టీ తాగినా." భార్య చేతిలోని చెంబు చూసి, "మజ్జిగ తెచ్చినాది కదా, తాగి పో. ఇంగ రావద్దు" అన్నాడు.

తాగాను. వచ్చేశాను.

ఆయన ఇప్పుడూ ఆ నీళ్ళలోనే చేపలు పడుతున్నాడు. మా పడవలు తిరిగే చోటికే వచ్చి వలలు వేస్తాడు. తీయమని అడగడానికి నాకు నోరు రాదు. మొదట్లో నేనొక పని చేసేవాణ్ణి. పొద్దున్నే వచ్చి ఆయన పుట్టి నీళ్ళలో ఉందా, ఒడ్డున ఉందా అని చూసేవాణ్ణి. ఒడ్డున ఉంటే ఆ రోజు తరగతి రద్దు. రెండు నెలలు అలా నడిచింది. తర్వాత ఆయన కనిపెట్టినట్టున్నాడు. పుట్టిని కట్ట అవతల, మాకు కనబడని చోట కట్టేయడం మొదలుపెట్టాడు.

ఇప్పుడు నాకు నేనే కొండ వైపు చూసుకోవాలి. ఏ కాస్త అనుమానం వచ్చినా పడవలు దించను. హిందూపురం నుంచి అంత దూరం వచ్చినవాళ్ళు సణుగుతారు. మొన్న ఒకాయన కొడుకుని కారెక్కించుకుంటూ, నాకు వినబడేటట్టే, "నేవీలో చేసినాడంట, ఇంత పిరికోడు ఎట్ల చేసినాడో" అన్నాడు. తెరచాపలు విప్పి, మడిచి, షెడ్డుకు తాళం వేసి ఇంటికి వచ్చాను. ఆ రోజు గాలి రానే లేదు.